ఎర్ర పట్టా కింద కలిపిన రంగు

మూడేళ్ళ తర్వాత జనం ఏ రంగు కారు కోరతారో యంత్రం ముందే చెప్పేస్తుంది. ఆ రంగు కలిపి నమూనా రేకు మీద పూసే పని మాత్రం ఇంకా విజయవాడ ఆటోనగర్‌లోని నాగూర్‌బీదే. ఆ రేకు మీది రంగునే కంపెనీ తన కార్లన్నిటికీ వేస్తుంది.

మూడేళ్ళ కిందట ఆమె రంగు కలిపిన కొత్త ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు ఈ ఉదయం రోడ్డెక్కింది. షెడ్డు గోడ మీది తెరలో జనం దాని చుట్టూ మూగి ఫొటోలు దిగుతున్నారు. కింద యంత్రం రాసిన మాట: "అంచనా నూటికి నూరు శాతం నిజమైంది."

నాగూర్‌బీ టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టేసింది.

"అది చెప్పింది ఈ రంగు కాదు ధనకోటీ," అంది సూపర్‌వైజరుతో. "ఉత్త బూడిద రంగు చెప్పింది. ఆ రోజు వానకని పైన ఎర్ర పట్టా కప్పారు గదా, ఎండలో పెట్టి చూడకుండా దాని కిందే కలిపేశా. ఆ ఎర్ర వెలుగులో బూడిదలాగే కనపడింది. రేకు వెళ్ళిపోయాక డబ్బాలో మిగిలింది ఎండలో చూస్తే ఆకుపచ్చ కొట్టింది. పని పోద్దని మూడేళ్ళు నోరు మూసుకున్నా."

ధనకోటి తెర వంక చూశాడు. ఎవరో పెద్దాయన ఆ ఆకుపచ్చ తలుపును అరచేత్తో మెల్లగా నిమురుతున్నాడు.

"వచ్చే కారుకి ఏం రంగు చెప్పిందక్కా?"

"మళ్ళీ బూడిదే."

 బయట ఎండ ఫెళ్ళున కాస్తుండగా, ధనకోటి నిచ్చెన వేసుకుని అటక ఎక్కి, ఆ ఎర్ర పట్టాను దుమ్ము దులిపి కిందికి దించాడు.