పడటం నేర్చుకున్న మనిషి

"బోర్డు మీద నిలబడటం నాకొద్దు బాబూ. పడటం నేర్పు, చాలు."

ఆ మాటకి జాలరుల ఊరు యోఫ్ తీరంలో, బోర్డు మీద నిలబడి అలలపై జారే సర్ఫింగ్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళంతా ఘొల్లున నవ్వారు.

పాఠం చెప్పే లాతీర్‌కీ నవ్వాగలేదు. యాభై దాటిన ఆడమనిషి తలగుడ్డ బిగించి, పొడుగు గౌను మోకాళ్ళ పైకి దోపుకుని అలల్లోకి దిగడం అతనెన్నడూ చూడలేదు.

పేరు దిబోర్ అని చెప్పింది. ఊరు అడిగితే దక్షిణం వైపు చెయ్యి చూపించి ఊరుకుంది.

"ఎవరైనా మొదట నేర్చుకునేది పడటమే పిన్నీ," అన్నాడు లాతీర్. "తలకిందులుగా పడకు. కింద లోతెంతుందో మనకి తెలీదు. చాప పరిచినట్టు వెడల్పుగా పడు. పైకి తేలేటప్పుడు రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకో."

ఆమె పడింది. లేచి మళ్ళీ పడింది. ఉప్పునీళ్ళు కక్కుకుంటూ వచ్చి అతని ముందు నిలబడింది.

"నీళ్ళు లోపలికి లాగేస్తుంటే ఏం చెయ్యాలి?"

"ఎదురీదకూడదు. సముద్రంతో కుస్తీ పడితే అలిసిపోయి మునిగిపోతాం. అది లాగినవైపే పోవాలి. బోర్డు వదలకుండా, సాయం కోసం ఒక చెయ్యి పైకెత్తాలి. లాగుడు తగ్గాక పక్కకి తిరిగి ఒడ్డుకి రావాలి."

"బోర్డు లేకపోతే?"

"బోర్డు లేకుండా సర్ఫింగేంటి పిన్నీ?"

"లేకపోతే అనే అడుగుతున్నా."

లాతీర్ విసుక్కున్నాడు. "వెల్లకిలా పడుకుని తేలు. డబ్బానో, చెక్కముక్కో, ఏది దొరికితే అది గుండెకి హత్తుకో. చాలా?"

"ఇంకోసారి చెప్పు నాయనా. మర్చిపోకూడదు."

వారాలు గడిచినా ఆమె మొదటి పాఠం దాటలేదు.

లాతీర్ తమ్ముడు గోర్గీకి ఇరవై ఏళ్ళు. అన్న మాట ఏనాడూ చెవిన పెట్టింది లేదు, సర్ఫింగ్ నేర్చుకున్నదీ లేదు. ఒడ్డునున్న గోడ మీద కూర్చుని ఆమెను చూసి నవ్వడం మాత్రం రోజూ చేసేవాడు.

"అన్నా, నీ శిష్యురాలు ఇవాళైనా నిలబడిందా?"

ఒక శనివారం కొత్తగా చేరిన విదేశీయులు కూడా ఆమెను చూసి ముసిముసిగా నవ్వారు. లాతీర్‌కి తల కొట్టేసినట్టయింది. వెళ్ళి ఆమె చంకలోని బోర్డు లాక్కున్నాడు.

"రేపట్నుంచి రావొద్దు పిన్నీ. నీ వల్ల నా బడి నవ్వులపాలవుతోంది. ఇంటికెళ్ళి చేపలు ఎండబెట్టుకో, పో."

ఆమె ముఖంలో కోపం లేదు.

"నాకు కావలసింది వచ్చేసింది నాయనా. నీ కడుపు చల్లగా ఉండాలి," అని తడిబట్టలతోనే వెళ్ళిపోయింది.

ఆ నెలాఖరున, తెల్లవారి నమాజు ముగిసేవేళకి తీరం నుంచి కేకలు వినిపించాయి.

బతుకుదెరువు వెతుక్కునే కుర్రాళ్ళని దొంగతనంగా స్పెయిన్ దీవులకి తీసుకెళ్తున్న పెద్ద పడవ, ఒడ్డు దగ్గరి అలలైనా దాటకుండానే బోల్తా పడింది.

లాతీర్ బోర్డు మీద పడుకుని తెడ్లేసినట్టు చేతులేస్తూ దూసుకుపోయాడు. ఇలాంటి పడవలు తిరగబడినప్పుడు ఏం చూడాల్సి వస్తుందో అతనికి తెలుసు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని, గుంపులుగా మునిగిపోతారు.

ఈసారి అలా లేదు.

కుర్రాళ్ళు వెల్లకిలా తేలుతున్నారు. పెట్రోలు డబ్బాలు గుండెకి హత్తుకుని, ఒక చెయ్యి పైకెత్తి, నీళ్ళు లాగినవైపే పోతున్నారు.

ఆ చేతుల్లో ఒకటి గోర్గీది.

తమ్ముడు పడవెక్కాడని లాతీర్‌కి అప్పుడే తెలిసింది.

అందరూ దక్కలేదు. ఇసుకలో పడుకోబెట్టిన శవాల వరసలో చివరన ఒక ఆడమనిషి ఉంది. రాయికి కొట్టుకుని నుదురు పగిలింది.

లాతీర్ ఆమె ముఖం మీది ఇసుక తుడిచాడు.

"దిబోర్ పిన్ని పడవలో ఎందుకుంది?"

"పడవలో లేదన్నా." గోర్గీ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఒడ్డున ఉంది. పడవ తిరగబడగానే నీళ్ళలోకి పరిగెత్తుకొచ్చింది. 'ఎదురీదకండిరా, పడుకోండిరా' అని అరుస్తూనే ఉంది. మునిగిపోతున్నవాణ్ణొకణ్ణి డబ్బా దాకా తోసింది. ఆ తర్వాత కనబడలేదు."

"నీకు తేలడం ఎవరు నేర్పారు?"

"ఆమే. పడవ కోసం మేం రాత్రిళ్ళు చాటుగా చేరే పాకకి రోజూ వచ్చేది. వెళ్ళొద్దని కాళ్ళావేళ్ళా పడింది. ఎవరమూ వినలేదు. 'ఆపడం నా వల్ల కాలేదు, ఇదన్నా నేర్చుకోండి' అని ఇసుకలో పడుకోబెట్టి చెప్పింది. ప్రతిదానికీ 'లాతీర్ చెప్పాడు, లాతీర్ చెప్పాడు' అనేది. నువ్వు చెబితే నవ్వాను గానీ, ఆమె చెబుతుంటే నవ్వు రాలేదన్నా."

లాతీర్ తడిచొక్కా విప్పి ఆమె ముఖం మీద కప్పాడు. తమ్ముడి వైపు తిరిగాడు.

"కన్నకొడుకు కోసం కాకపోతే ఇంత చేస్తుందా? ఈమె కొడుకేడి? మీలో ఎవడు? బతికున్నాడా?"

గోర్గీ తల దించుకున్నాడు.

"వాడికేం కాలేదన్నా, వాడు పడవెక్కలేదు. మమ్మల్నందర్నీ పోగేసి ఆ పడవెక్కించింది ఈమె కొడుకే."