ఇంట్లోంచి రోడ్డు

పెరటి తలుపుకి అడ్డంగా చెక్క పెట్టి, మేకు మీద మేకు దిగ్గొడుతున్నాడాయన.

కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. చేతికి సుత్తి కొత్త కాదు. కానీ ఇంత కసిగా కొట్టడం కొత్త.

"చాల్లెండి. తలుపు చీలిపోతుంది," అంది భార్య.

"చీలనీ."

ఆయన కోపానికి కారణం ఫోన్‌లోని మ్యాప్. సందు చివరున్న ఈ ఇల్లు దాని కంటికి ఇల్లు కాదు. సందుని, అవతలి పెద్ద రోడ్డుని కలిపే దారి.

పొద్దున లేచింది మొదలు గేటు ముందు ఏదో ఒక బండి. హారన్ మీద హారన్.

"మ్యాప్‌లో రోడ్డుందండీ," అంటారు, తప్పంతా ఇల్లు కట్టినవాడిదే అన్నట్టు.

"మా పొయ్యి మీద పాలు పొంగాయో లేదో కూడా అందులోనే చూసి చెప్పండి!" అంటాడాయన.

సందులో బండి తిప్పుకునే చోటుండదు. వెనక్కి వెనక్కి పోవాల్సిందే. పోతూ పోతూ ఎవరిదో ఒకరి పూలకుండీ పగలగొట్టాల్సిందే.

గేటుకి బోర్డు పెట్టాడు. చదివేదెవరు? మ్యాప్ కంపెనీకి ఫిర్యాదు పంపాడు. 'మీ సహకారానికి ధన్యవాదాలు' అని జవాబొచ్చింది.

సహకారమట! ఒళ్లు మండిపోయింది.

అసలు సంగతి అల్లుడు చెప్పాడు.

"ఇదంతా మీ మంచితనమే మామయ్యా. సందులో వాళ్లంతా మీ ఇంట్లోంచే కదా బస్‌స్టాప్‌కి వెళ్లేది? అందరి జేబుల్లోనూ ఫోన్లే. రోజూ ఇంతమంది నడుస్తుంటే రోడ్డేననుకుంది."

"ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"కొన్నాళ్లు ఎవర్నీ నడవనివ్వకండి. అదే మర్చిపోతుంది."

అదిగో, అందుకు ఈ మేకులు.

ఎన్నో ఏళ్లుగా చెప్పులు చేత్తో పట్టుకుని, "వెళ్లొస్తా అక్కా" అంటూ మిషన్ల మధ్యలోంచి వెళ్లిన పక్కింటావిడ మర్నాడు మొహం ముడుచుకుని చుట్టూ తిరిగి వెళ్లింది.

"మనుషుల్ని దూరం చేసుకుని ఫోన్‌ని దారికి తెస్తారా?" అంది భార్య.

ఆయన ఇంకో మేకు దిగ్గొట్టాడు.

మూడోనాటి మధ్యాహ్నం మళ్లీ గేటు ముందు మోత. ఈసారి హారన్ కాదు, సైరన్.

అంబులెన్స్ డ్రైవర్ దిగి ఇంటిని చూశాడు, ఫోన్‌ని చూశాడు, మళ్లీ ఇంటిని చూశాడు.

"రోడ్డేది బాబాయ్? ఆస్పత్రి ఇటే అంటోంది!"

ఆస్పత్రి ఇటే. పెరటి తలుపు తీస్తే ఎదురుగా కనబడుతుంది.

బండి లోపల స్ట్రెచర్ మీద ఒక పెద్దావిడ. ముక్కుకీ నోటికీ మాస్క్. "కళ్లు తెరువమ్మా, వచ్చేశాం" అంటోంది కూతురు.

బండి వెనక్కి పోయి, ఊరంతా చుట్టి వచ్చేసరికి ఏమవుతుందో ఎవరూ పైకి అనలేదు.

"దించండి," అన్నాడాయన. "ఇంట్లోంచే తీసుకుపోదాం."

భార్య మిషన్లని పక్కకి లాగింది. ఒకటి బోర్లాపడి చక్రం విరిగింది. అది ఎవరిదో కూడా చూడలేదు.

స్ట్రెచర్ పెరటి తలుపు దగ్గర ఆగిపోయింది.

ఆయన మేకు పీకబోయాడు. కదల్లేదు. కొట్టినవాడు మామూలుగా కొట్టాడా!

"కాస్త తొందరగా అండీ," అంది కూతురు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఒకటి ఊడింది. ఇంకోటి వంగింది. చెమట కళ్లలోకి దిగుతోంది.

"దిక్కుమాలిన మ్యాప్! దిక్కుమాలిన ఫోన్! నా దిక్కుమాలిన చేతులు!"

సుత్తి విసిరేసి, గునపం దూర్చి పెళ్లగించాడు. చెక్కతో పాటు తలుపు రెక్కా ఊడొచ్చింది.

పెద్ద రోడ్డు మీద బండ్లకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. స్ట్రెచర్ దాటింది.

కాసేపటికి డ్రైవర్ తన బండి కోసం అదే దారిన తిరిగొచ్చాడు. గడప దగ్గర బూట్లు విప్పబోయాడు.

"పర్లేదు, రా బాబూ," అంది భార్య. మంచినీళ్లిచ్చింది. "ఎలా ఉంది ఆవిడకి?"

"లోపలికి తీసుకెళ్లారమ్మా." గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. "ఇంకాస్త ముందు తేవాల్సిందంటున్నారు."

ఆయన నేల మీద మేకులు ఏరుతున్నాడు. తలెత్తలేదు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర కారు. హారన్ మీద హారన్.

ఆయన ఊగిపోతూ వెళ్లాడు. "కళ్లు..." అని నోరు తెరిచి, ఆగిపోయాడు.

వంగి, కారు వెనక సీట్లోకి చూశాడు.

సంచులున్నాయి. మనుషులెవరూ లేరు.

అప్పుడు తిట్టాడు.