అంత చిన్న మాటా?

మర్రిపాడు దగ్గర శెనక్కాయ చేను గట్టున సరళ చనిపోయి పడివుంది. పక్కనే గడ్డిమోపు.

అడవిపందుల కోసం చేను చుట్టూ కట్టిన కరెంటు తీగ అప్పటికే మాయమైంది.

“పాము కరిచినట్టుండాది,” అన్నాడు చేను యజమాని శ్రీకాంత్.

తల్లి ఓబులమ్మ కూతురి కాలు ఎత్తి చూపించింది. పిక్క మీద నల్లగా కాలిన గీత.

“పాము ఇట్లా కాలుస్తాదంట్రా?”

పోలీసులు చేనంతా గాలించినా తీగ దొరకలేదు.

రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చారు. ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా శ్రీకాంత్ పాడుబావి దగ్గరికి వెళ్లి తీగచుట్ట బయటికి లాగారు. వాళ్లకు ఎవరు చెప్పారో ఊళ్లో ఎవరికీ అంతుబట్టలేదు.

కేసు ఆత్మకూరు కోర్టుకు వెళ్లింది.

“నిర్లక్ష్యం వల్ల మరణం. అదీ కేసు,” అంది ప్రభుత్వ ప్లీడరు సుస్మిత.

“నిర్లక్ష్యమా? అంత చిన్న మాటా? పొయ్యి మీద పాలు పొంగిపోతే అంటారమ్మా ఆ మాట. నా బిడ్డను చంపినాడు వాడు!”

“చంపాలని అతనికి లేదు ఓబులమ్మా. కానీ మనిషికి తగిలితే ప్రమాదమని తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు. చట్టం దాన్నే నిర్లక్ష్యం అంటుంది.”

“ఉరెయ్యరా?”

“జైలు పడుతుంది.”

ఓబులమ్మకు అది చాల్లేదు.

వాయిదాకు వచ్చినప్పుడల్లా కోర్టు వరండాలో శ్రీకాంత్ తండ్రి గోవిందయ్య కనిపించేవాడు. కొడుకు అరెస్టయ్యాక సొంతూరు ఉదయగిరికి వెళ్లిపోయిన ఆయన, అక్కడి నుంచి బస్సులో వచ్చి గోడకానుకుని కూర్చునేవాడు.

“ఆ పిల్ల చూసుకోకుండా నడిచింది. నిర్లక్ష్యం ఆమెదే,” అని శ్రీకాంత్ వకీలు వాదించిన రోజున ఓబులమ్మ బయటికొచ్చి, పిడికెడు మట్టి తీసి గోవిందయ్య ముఖాన కొట్టింది.

“ఏం బిడ్డను కన్నావురా ముసలోడా! నీ బిడ్డ కోసం నువ్వూ నా మాదిరే ఏడవాల!”

ముసలాయన కళ్లల్లో మట్టి తుడుచుకున్నాడు.

“కొట్టమ్మా,” అన్నాడు.

శ్రీకాంత్‌కు జైలుశిక్ష పడింది. పై కోర్టుకెళ్లినా తప్పలేదు.

ఆ ఎండాకాలం గోవిందయ్య పోయాడు. దహనానికి కొడుకును జైలు నుంచి తీసుకొస్తున్నారని తెలిసి ఓబులమ్మ ఉదయగిరి బస్సుకు బయల్దేరింది.

“నీకక్కడ ఏం పని?” అన్నాడు భర్త కొండలయ్య.

“బేడీలేసుకొని వాడు ఏడస్తా ఉంటే కళ్లారా చూడాల.”

శ్మశానం బయట రోడ్డు మీదే నిలబడి చూసింది.

పోలీసులు బేడీలు విప్పారు. బంధువులు కొరివి అందించబోయారు. శ్రీకాంత్ చేతులు వెనక్కి లాక్కున్నాడు. కంట్లో చుక్క నీరు లేదు.

“పట్టుకోరా! కన్నతండ్రిరా!”

“నేను తీగను బావిలో పడేసేటప్పుడు పక్కన ఉండింది ఈయనొక్కడే,” అని అరిచాడు శ్రీకాంత్. “పోలీసులకు చెప్పి నన్ను జైలుకు పంపినోడికి నేను కొరివి పెట్టను!”