ఏడో పాఠం

సూర్యాపేట కొత్త బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌లో ఆ మధ్యాహ్నం ఒక్క కంప్యూటర్ కూడా ఖాళీ లేదు.

గోపిక ఒకేషనల్ కాలేజీలో ఎలక్ట్రికల్ కోర్సు రెండో ఏడాది చదువుతోంది. అప్రెంటిస్ దరఖాస్తు పంపడానికి సాయంత్రం ఐదింటి వరకే గడువు.

మూలన ఒక పెద్దాయన ఒంటివేలితో అక్షరాలు వెతుక్కుంటూ టైపు చేస్తున్నాడు. చొక్కా నిండా వార్నిష్ మరకలు.

గోపిక పావుగంట నిలబడింది. ఆ పావుగంటలో ఆయన కొట్టింది రెండు లైన్లు.

"పెద్దాయనా, జర లేస్తవా? మాది చదువు పని."

"ఒక్క పేజీ ఉంది బిడ్డా."

"ఇప్పుడు నేర్సుకొని ఏం చేస్తవ్? మా టైం ఖరాబైతున్నది."

పక్కవాళ్లు నవ్వారు. ఆయన లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు. రాసినంత వరకు సేవ్ చేయమని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

గోపిక ఫైలు మూయబోతే, సేవ్ చేయాలా అని కంప్యూటర్ అడిగింది. తొందరలో 'నో' నొక్కేసింది.

వాళ్ల కోర్సుకు రెండేళ్లుగా సార్ లేడు. పుస్తకమేమో ఇంగ్లీషు. పిల్లలే నెట్‌లో వెతికి తెలుగు పాఠాలు పట్టుకున్నారు. మోటారు విప్పడం, కాలిన కాయిల్ గుర్తుపట్టడం, తీగ చుట్టడం, అన్నీ పక్కన కూచుని చెప్పినట్టే ఉండేవి. ప్రింట్లు తీసుకుని ఒకరికొకరు చెప్పుకుంటూ ఆరు పాఠాలు నేర్చుకున్నారు. ఏడోది స్టార్టర్ కనెక్షన్. వారాలు గడిచి ప్రాక్టికల్స్ దగ్గర పడినా అది రాలేదు.

పాఠాల కింద ఆ నెట్ సెంటర్ పేరే ఉండడంతో గోపిక వెళ్లి ఓనర్ భాస్కర్‌ను అడిగింది.

"ఇగ రాదు చెల్లె. అవి రాసే సేవ్యా తాత పోయిన నెల చనిపోయిండు. దవాఖానల పదిరోజులున్నడు."

ఆయన మునగాల దగ్గరి తండాలో మోటార్లు చుట్టే మెకానిక్ అని, వార్నిష్ మరకల చొక్కాతోనే వారం వారం బస్సులో వచ్చి పాఠం కొట్టి పోయేవాడని, తాను వాటిని నెట్‌లో పెట్టేవాడినని భాస్కర్ చెప్పాడు. ఏడో పాఠం కొట్టిన రోజు తాను కోదాడ పోయానని, ఆ మర్నాడే ఆయన దవాఖానలో చేరాడని, తర్వాత ఎంత వెతికినా ఫైలు దొరకలేదని అన్నాడు.

గోపిక చేతిలోని ప్రింట్లను చున్నీ కిందికి జరుపుకుంది.

"ఆయనను లేపింది నేనే అన్నా. సేవ్ చెయ్యమన్నడు. నేను చెయ్యలే."

భాస్కర్ ఆమెను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"మాకు సార్ లేడని ఆయనకు తెల్వదు కదా అన్నా," అంది, ఏదో ఒక ఆధారం కోసం.

"ఎందుకు తెల్వదు? పోయినేడు మీ కాలేజీ బోరు మోటారు బాగు చెయ్యనీకె వచ్చి, సార్ లేక మీరంత ఊకె కూసున్నది సూసిండు. తెల్లారే నా దగ్గరికొచ్చి టైపు కొట్టుడు నేర్పమన్నడు."