ఫొటోలో చదివిన నవల

మా వీధి లైబ్రరీకి కొత్త పుస్తకాలు వచ్చాయి. ఏడాదిగా అడుగుతున్న నవల కనిపించగానే తీసుకుని కూర్చున్నాను. వాటి ప్రారంభోత్సవానికి వచ్చిన నాయకుడు నా తల నిమురుతూ ఫొటోలు దిగాడు. ఆ చేతి సెంటు వాసన ఘాటుగా ముక్కుకు కొడుతున్నా, తలెత్తకుండా చదివాను.

ఆయన కారెక్కగానే, ఆయన మనుషులు పుస్తకాలన్నీ పెట్టెల్లో కుక్కసాగారు.

"అన్నా, ఇదొక్కటీ ఉంచండి. ఇప్పుడే మొదలుపెట్టాను!"

"ఫొటోలో చదివేశావుగా తల్లీ, ఇంకేం కావాలి?" అని నవ్వాడు ఒకడు. "పక్క పేట లైబ్రరీలో కూడా వీటినే ప్రారంభించాలి."

ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. ఎప్పటికైనా మళ్ళీ దొరికితే అక్కడినుంచే చదవొచ్చని, ఆగిన పేజీ మూల మడిచాను.

మూసేటప్పుడు చూశాను. ఆ కొత్త పుస్తకంలో ఎవరెవరో మడిచిన మూలలు అప్పటికే మూడున్నాయి.