లోపలివైపు బటన్

"బయట వేలు పెట్టాల, లోపలా వేలే పెట్టాల. బటన్ మాత్రం వద్దు," అన్నాడు హరిప్రసాద్.

నెల్లూరు నుంచి వేలిముద్ర తాళం మిషన్ తెచ్చిన శ్రీకృష్ణ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "సార్, కార్డు పెట్టుకున్నా వేలిముద్ర పెట్టుకున్నా, లోపలివైపు ఒక బటన్ ఉండాల్సిందే. నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. మనిషి లోపల ఇరుక్కుపోతే ఎట్లా?"

"ఇరుక్కోవాలనే గదయ్యా నిన్ను పిలిపించింది!"

ఆత్మకూరు బజారులో వాళ్లది హోల్‌సేల్ కిరాణా. దుకాణం వెనకే గోడౌన్. కొంతకాలంగా అందులోంచి సరుకు పోతోంది. ఒకసారి కందిపప్పు, ఇంకోసారి నూనె డబ్బా. హమాలీ పెంచలనరసయ్యే దొంగని తీర్మానించి హరిప్రసాద్ అతన్ని పనిలోంచి తీసేశాడు. అయినా సరుకు పోవడం ఆగలేదు. వాడు మారు తాళంచెవి చేయించుకుని ఉంటాడని హరిప్రసాద్ నమ్మకం.

గల్లా దగ్గర కూర్చున్న తండ్రి రమణయ్య లేచి వచ్చాడు. "ఒరే హరీ, ఆ అబ్బాయి చెప్పేది ఇనరా. ఎవురన్నా పొరపాటున..."

"పొరపాటున గోడౌన్లోకి ఎవురు పోతారు నాయనా?"

శ్రీకృష్ణ ఇక వాదించలేదు. "ఎవరెవరి వేళ్లు ఎక్కించాలి సార్?"

"నాదీ, మా ఆమెదీ."

"పెద్దాయనది?"

రమణయ్య అప్పటికే చెయ్యి చాపి ఉన్నాడు. హరిప్రసాద్ అటు చూడకుండానే అన్నాడు. "నాయనకు గోడౌన్‌తో పనేముండాది? గల్లా కాడ కూసోడమేగా."

రమణయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మిషన్ బిగించిన కొద్ది రోజులకే లారీ లోడు వచ్చింది. గోడౌన్ తలుపుకు రాయి అడ్డం పెట్టి హమాలీలు పొద్దుటినుంచీ బస్తాలు దించారు. లారీ వెళ్లిపోయాక హరిప్రసాద్ రాయి తీసి తలుపు మూశాడు. గట్టిగా లాగి చూసుకున్నాడు. కదల్లేదు.

మధ్యాహ్నం అతని భార్య రజిని పరుగున వచ్చింది. "ఏమండీ, గోడౌన్లో ఎవురో ఉండారు! డబ్బాలు పడిన సప్పుడైంది."

హరిప్రసాద్ వెళ్లి తలుపుకు చెవి ఆనించాడు. లోపల ఎవరో అడుగు వేసి, ఆగిపోయారు.

"ఎవుర్రా లోపల?"

జవాబు లేదు. మిషన్ మీదికి పోబోయిన వేలిని హరిప్రసాద్ దించేశాడు.

"దొరికినాడు!"

"తీసి చూడరాదా?" అంది రజిని.

"తీస్తే తోసుకోని ఉరుకుతాడు. ముందు వాడి నోటితో వాడు పేరు చెప్పాల. బజారంతా ఇనాల."

బజారు రానే వచ్చింది. పోలీసులకు ఫోన్ చెయ్యమన్నారు ఒకరిద్దరు. "చేస్తాలే, తొందరేముంది?" అని హరిప్రసాద్ తలుపు మీద గుద్దాడు. "పెంచలా! నువ్వేనని నాకు తెలుసురా. పేరు చెప్పు, తలుపు తీస్తా."



అంతమంది ముందు తలుపుతో మాట్లాడుతున్నట్టు అయ్యేసరికి హరిప్రసాద్‌కు ఒళ్లు మండింది. పక్క టీ అంగడి నుంచి బాణలి నిండా నిప్పులు తెప్పించాడు. వాటి మీద గుప్పెడు ఎండుమిరపకాయలు పోసి, తలుపు కింది సందుకు ఆనించి, ఫ్యాన్ తిప్పి పెట్టాడు. ఆ ఘాటుకు బయటున్నవాళ్లే దగ్గుతూ, ముక్కులు మూసుకుని వెనక్కి తగ్గారు.

లోపల దగ్గు మొదలైంది.

"పేరు చెప్పరా!"

దగ్గు ఎక్కువైంది. తెరలు తెరలుగా వచ్చింది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"చూసినారా, ఎంత మొండోడో!" హరిప్రసాద్ ఇంకో గుప్పెడు పోశాడు.

రజిని అతని చెయ్యి పట్టుకుంది. "చాల్లేండి. మనిషి చస్తాడు."

"చావడు. మాట్లాడతాడు."

జనాన్ని తోసుకుంటూ ఒకతను ముందుకు వచ్చాడు. "ఏంది అబ్బయ్యా ఈ పొగ?"

పెంచలనరసయ్య!

హరిప్రసాద్ అతన్ని చూశాడు, తలుపును చూశాడు. "నువ్వు ఈడుంటే... లోపలెవుర్రా?"

"పెద్దాయనేడీ?" అన్నాడు పెంచలనరసయ్య.

"పొద్దున్నే ఉదయగిరి పోయినాడు, చుట్టాలింటికని," అంది రజిని.

పెంచలనరసయ్య మొహం పాలిపోయింది. "నేను లేకుండా ఎట్ట పోతాడమ్మా? ఉదయగిరిలో అనుపమమ్మకు కానుపైంది. లోడు దిగేటప్పుడు తలుపు తీసే ఉంటాది, బాలెంతరాలికి శొంఠి, వెల్లుల్లి, పాత బియ్యం తెస్తా, ఆటో తీసుకోని బస్టాండు కాడ ఉండరా అన్నాడు. పొద్దుటినుంచీ కాచుకోని ఉండా. ఫోనూ కలవడంలే."

అనుపమ హరిప్రసాద్ చెల్లెలు. తనకు నచ్చినవాణ్ణి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఆమె పేరు ఇంట్లో ఎత్తకూడదని ఆనాడే ఆజ్ఞ వేసింది హరిప్రసాదే.

"అయితే ఆ సరుకంతా..."

"ఆ యమ్మకే అబ్బయ్యా. నేను మోసినానంతే. నీకు తెలిస్తే ఆ బిడ్డకు ఆ గుప్పెడు గింజలూ పోవని పెద్దాయన నా చేత ఒట్టేయించుకున్నాడు."

హరిప్రసాద్ బాణలిని కాలితో తన్ని మిషన్ మీద వేలు పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది. వేలంతా చెమట, మసి. చొక్కాకు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎర్ర లైటే. "నాయనా! నాయనా!" అని అరుస్తూ తలుపును బాదుతుంటే, రజిని అతన్ని పక్కకు నెట్టి తన వేలు పెట్టింది.

తలుపు తెరుచుకుంది. పొగ గుప్పుమని బయటికి వచ్చింది.

బస్తాలకు ఆనుకుని కూర్చుని ఉన్న రమణయ్యలో ప్రాణం లేదు. దగ్గు బయటికి వినపడకుండా తన కండువాను తానే గొంతుదాకా నోట్లో కుక్కుకున్నాడు.