పెద్దత్త పోయిన శనివారం

"ఆపండి సార్! ఆ గోడకి నిన్ననే పూత వేయించాం!"

అరబా అరుస్తూనే ఉంది. మున్సిపల్ ఇన్‌స్పెక్టర్ అబాకా వినిపించుకోలేదు. కుంచె డబ్బాలో ముంచి, కప్పు లేని ఆ ఇంటి ముందుగోడ మీద ఎర్రగా రాసేశాడు: 'పని ఆపు. పర్మిట్ చూపించు.' చివరి అక్షరం నుంచి రంగు కారి పునాది దాకా దిగింది. అరబాకి అది నెత్తురులాగే కనిపించింది.

"పర్మిట్ కోసమే కదా సార్ మీ ఆఫీసు మెట్లు అరిగిపోయేలా తిరుగుతున్నాను! సర్వే కాగితం తెమ్మన్నారు, తెచ్చాను. దాని మీద సంతకం పెట్టే ఆయన ట్రైనింగుకి వెళ్లాడన్నారు. ఆయన తిరిగొచ్చేసరికి ఆ కాగితానికి గడువు తీరిపోయింది, మళ్లీ తెమ్మన్నారు!"

"అది నా సెక్షన్ కాదు మామీ. నాది రంగు వేసే సెక్షన్."

"మరి ఇంటి పన్ను ఎలా వేశారు? తలుపుల్లేవు, కప్పు లేదు, పన్ను మాత్రం ఠంచనుగా కట్టించుకున్నారు. పన్ను వేసేవాడికి కనబడ్డ ఇల్లు పర్మిట్ ఇచ్చేవాడికి కనబడదా?"

అబాకా కుంచెని గడ్డికి తుడిచాడు. "ఇంకోసారి ఇక్కడ సుత్తి చప్పుడు వినబడిందంటే డబ్బాతో రాను. బుల్‌డోజర్‌తో వస్తాను."

అతను వెళ్లాక అరబా సముద్రం వైపు చూసింది. మబ్బులు అప్పుడే కూడుకుంటున్నాయి. నిరుటి వానలకే వెనకగోడ ఉబ్బింది. ఈసారీ తడిస్తే కూలుతుంది. ఎప్పుడు కూలుతుంది? ఎవరూ లేనప్పుడు కూలుతుందా? తన పిల్లలు దాని నీడన ఆడుకుంటున్నప్పుడే కూలుతుంది.

సాయంత్రం భర్త ఎబో వచ్చి గోడ చూశాడు. కింద కూర్చుని, చేపతో మొక్కజొన్న కెంకే ముద్ద తినడం పూర్తిచేశాడు. చెయ్యి కడుక్కుని అన్నాడు:

"శనివారం రేకులు వేసేద్దాం. చావింట్లోకి కుంచె పట్టుకుని రావడానికి ఏ ఇన్‌స్పెక్టరుకీ ధైర్యం చాలదు."

"చావా! ఎవరు పోయారు?" అరబా గుండె పట్టుకుంది.

"ఎవరో ఒకరు పోవాలి మరి. మా పెద్దత్త పోయిందనుకో."

"నీకు పెద్దత్త ఎక్కడుంది?"

"లేదు. అందుకే ఆవిడకి ఏ నష్టమూ లేదు."

"వద్దయ్యా. పేరు పెట్టి పిలిస్తే చావు ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది. పసిపిల్లలున్న ఇల్లు!"

"ఇల్లెక్కడుందే? ముందు కప్పు పడనీ, తర్వాత భయపడదువు గాని."

శనివారం పొద్దున్నే ఎబో ఇంటి ముందు షామియానాలు లేపించాడు. ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేయించాడు. గుంజలకి చావు గుర్తుగా ఎర్రగుడ్డ, నల్లగుడ్డ చుట్టించాడు. సుత్తి దెబ్బలు మునిగిపోయేలా మైకులో చావుపాటలు పెట్టాడు. వడ్రంగి వెనకనుంచి నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. చివర్లో ఎబో పూలదండ వేసిన ముసలమ్మ ఫొటో ఒకటి తెచ్చి ముందు నిలబెట్టాడు.

"ఈవిడెవరు?" అంది అరబా.

"తెలీదు. స్టూడియోలో ఎవరో వదిలేసి పోయారట."

"ఈవిడ బతికుంటేనో?"

"అందుకే వాళ్లని నేనడగలేదు."

చావుపాట వినబడితే చాలు, ఆ వీధివాళ్లు ఆగరు. నల్లబట్టలు కట్టుకుని ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఎదురింటి అరటికాయలావిడ ఫొటో ముందు చతికిలబడి, "ఎంత మంచి మనిషి! ఎవరినీ ఒక్కమాట అనేది కాదు!" అని రాగం తీసింది. అరబా ఎర్రకొంగులో మొహం దాచుకుంది. దేవుడా, ఈ పాపం నా పిల్లలకి తగలనివ్వకు.

అప్పుడే షామియానా కిందికి అబాకా వచ్చాడు.

చేతిలో డబ్బా లేదు. నల్లచొక్కా వేసుకున్నాడు. అరబా చూపు మొదట వీధి చివరకి వెళ్లింది, వెనకాల బుల్‌డోజర్ వస్తోందేమోనని. అబాకా కుడివైపు నుంచి మొదలుపెట్టి వరసగా అందరితోనూ చేతులు కలిపాడు. తర్వాత ఫొటో ముందు నిలబడ్డాడు. అంతసేపు ఎందుకు చూస్తున్నాడు? ఈ ముసలమ్మ ఇతనికి తెలుసా? ఇతని తల్లి కాదు కదా!

అతను తిరిగి తన వైపు రావడంతో అరబా ఏడుపు అందుకుంది. నటిద్దామనే మొదలుపెట్టింది. కానీ ఆ ఆఫీసు మెట్లు, ఆ ఎర్రరంగు, ఆ ఉబ్బిన గోడ అన్నీ కలిసి నిజం ఏడుపే తన్నుకొచ్చింది.

"ఎలా పోయింది మామీ?" అబాకా గొంతు తగ్గించి అడిగాడు.

"తిరిగీ తిరిగీ పోయింది సార్. ఇంక తిరగలేక పోయింది."

సరిగ్గా అప్పుడు మైకులో పాట అయిపోయింది. రెండో పాట మొదలయ్యేలోపు పైనుంచి ఠక్, ఠక్, ఠక్.

"ఆ చప్పుడేంటి?"

"శవపేటిక సార్... వడ్రంగి మేకులు కొడుతున్నాడు."

"కప్పు మీదెక్కా?"

మైకు పెట్టె దగ్గర ఎబో చేతికి మీట దొరకడం లేదు. పైన వడ్రంగి ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉంచి బిగుసుకుపోయాడు. అరటికాయలావిడ సైతం ఏడుపు ఆపి తల ఎత్తింది.

అబాకా ఒక కుర్చీని అరబా పక్కకి లాక్కున్నాడు. అటూ ఇటూ చూసి ఆమె చెవి దగ్గరకి వంగాడు.

"మా గోడలూ తడుస్తున్నాయి మామీ, నా పర్మిట్ ఫైలూ ఆ సంతకాలాయన బల్ల మీదే పడుంది. వచ్చే శనివారం మా మావయ్య పోతాడు. ఈ షామియానాలు ఎక్కడ అద్దెకి తెచ్చారు?"